విశాఖలో గాలి తిరిగిన పూట

ఆరో తరగతి సామాన్యశాస్త్రంలో ఒక పాఠం ఉండేది. పగటిపూట గాలి సముద్రం మీదినుంచి నేల మీదికి వీస్తుందని, రాత్రిపూట నేల మీదినుంచి సముద్రం మీదికి వీస్తుందని అందులో రాసి ఉంటుంది. అనంతపురం జిల్లాలో, కల్యాణదుర్గానికి ఇవతల ఉన్న మా పల్లె బడిలో ఆ పాఠం చాలా ఏళ్ళు చెప్పాను. పిల్లలు బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, మార్కులు తెచ్చుకునేవాళ్ళు. ఆ బొమ్మలో అలలుగా గీసిన సముద్రాన్ని వాళ్ళెవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

తొంభైల చివర్లో, ఒక ఫిబ్రవరి నెలలో, విశాఖ వెళ్ళి చూసి వచ్చాం. అక్కడికి వెళ్ళని వాళ్ళ కోసం, ముఖ్యంగా నాలాగే సముద్రాన్ని నల్లబల్ల మీద గీసి చూపించే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆ ఏడాది మా ఏడో తరగతి పిల్లలు ఇద్దరు జిల్లా సైన్సు పోటీలో గెలిచారు. నాగలక్ష్మి మాటకారి. ఏ సంగతైనా ఎదుటివాళ్ళకి అర్థమయ్యేదాకా వదలదు. షమీమ్ మాట్లాడదు, చేతులతో పని చేస్తుంది. డాల్డా డబ్బా రేకు కత్తిరించి కోడిపుంజు బొమ్మ చేసి, సైకిల్ పుల్ల మీద పెన్ను మూత బోర్లించి దాన్ని నిలబెట్టింది. గాలి ఎటునుంచి వస్తే అటు ముక్కు తిప్పుతుంది ఆ పుంజు. దానితోపాటు ఒక గాజుపెట్టె చేశాం. లోపల ఒక పక్క ఇసుక పళ్ళెం, ఇంకో పక్క నీళ్ళ పళ్ళెం, పైన పెద్ద బల్బు. బల్బు వేడికి ఇసుక ముందు కాగుతుంది, నీళ్ళు వెనక కాగుతాయి. మధ్యలో అగరొత్తి పెడితే పొగ నీళ్ళ వైపునుంచి ఇసుక వైపుకి పాకుతుంది. సముద్రపు గాలి అంటే అంతే. జిల్లాలో అందరికీ ఆ పెట్టె నచ్చింది. రాష్ట్ర పోటీ విశాఖపట్నంలో అన్నారు.

ఆడపిల్లల్ని, ఆడ టీచరుని అంత దూరం ఒంటరిగా ఎలా పంపుతామని ఊళ్ళో వాళ్ళు అన్నారు. నాగలక్ష్మి నాన్న ఓబులేసు తోడు వస్తానన్నాడు. అతనికి చెరువు కింద భూమి లేదు. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగుళూరులో ఇళ్ళు కట్టే కట్టుబడి పని. మా బడిలో ఏడో తరగతి వరకే ఉంది, ఎనిమిదికి కల్యాణదుర్గం పోవాలి. పరీక్షలు కాగానే నాగలక్ష్మిని కూడా బెంగుళూరు పనికి తీసుకుపోతానని ముందే చెప్పేశాడు. బయల్దేరే ముందు నాతో అన్న మాట కూడా సూటిగానే అన్నాడు.

"గాలి గురించి చదువుకుంటే మాకు వాన వస్తాదా మేడం? ఊరు చూసొచ్చినట్ల ఉంటాదని వస్తాండా, అంతే."

టికెట్లు చూపించి, పెట్టె జాగ్రత్తగా పట్టుకోమన్నాను.

రైల్లో

దారి పొడుగునా జొన్నరొట్టెలు, వేరుశనగతో దంచిన చెనిక్కాయల పొడి. మాకెదురుగా కూర్చున్న గుంటూరు వాళ్ళు ఆ పొడి అడిగి పెట్టించుకుని, వాళ్ళ గోంగూర మాకు పెట్టారు. దాని కారానికి షమీమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ ఇంకా కావాలంది.

బెజవాడ దాటాక కిటికీ బయటంతా పచ్చగా మారిపోయింది. కాలవలు, వరి, మళ్ళీ కాలవలు. ఓబులేసు కిటికీ దగ్గరినుంచి కదల్లేదు. గోదావరి వంతెన మీద బండి నెమ్మదిగా పోతుంటే పక్కవాళ్ళు చేతులు జోడించి నదిలో డబ్బులు వేశారు. అతను మాత్రం ఇన్ని నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని అడిగాడు. సముద్రంలోకి అన్నాను. అతను తల తిప్పి నా వైపు చాలాసేపు చూశాడు. నదిని సముద్రంలోకి పంపింది నేనే అన్నట్టుంది ఆ చూపు.

నాగలక్ష్మి నాన్నకి చెప్పడం మొదలుపెట్టింది. ఆ నీళ్ళే ఎండకి కనపడని ఆవిరై పైకి పోతాయని, పైన చల్లదనానికి మళ్ళీ చిన్నచిన్న బొట్లయి మబ్బు అవుతాయని, గాలి ఆ మబ్బుని తోసుకుంటూ వస్తే మన ఊళ్ళో వాన అని. అతను శ్రద్ధగా విన్నాడు. విని, మనూరి బస్సులాంటిదే అన్నాడు. పట్నంలో కిక్కిరిసి బయల్దేరుతుంది, దారిలో అందరూ దిగిపోతారు, మన స్టాపు వచ్చేసరికి డ్రైవరు, కండక్టరు మిగులుతారు. పక్కవాళ్ళంతా నవ్వారు. వానల గురించి ఎన్నో పుస్తకాలు చదివాను గానీ మా జిల్లా సంగతి ఇంత బాగా చెప్పిన మాట ఎక్కడా కనిపించలేదు.

దువ్వాడ

మాకు బస ఉక్కు కర్మాగారం వాళ్ళు ఉండే ఉక్కునగరంలో, దానికి దువ్వాడలో దిగాలి. బండి అక్కడ ఆగేది కాసేపే. నేను, పిల్లలు దిగి సామాన్లు అందుకుంటున్నాం. ఓబులేసు అందరికంటే ఆఖరున గాజుపెట్టెని గుండెలకి హత్తుకుని మెట్టు మీదికి వచ్చాడు. ఎక్కే జనం తోసుకొచ్చారు. పెట్టె ఒక్కసారి ఊగింది, అతని మోచేతిలోంచి జారి ప్లాట్‌ఫారం అంచు మీద పడింది.

నాలుగు పక్కలా గాజు ముక్కలు. షమీమ్ కూర్చుని వాటిని జాగ్రత్తగా కాగితంలోకి ఏరింది, ఎవరి కాళ్ళకైనా గుచ్చుకుంటాయని. ఓబులేసు చెయ్యి కోసుకుపోయి నెత్తురు కారుతుంటే నాగలక్ష్మి తన జడ రిబ్బను విప్పి కట్టింది. అతను కూతురి మొహం చూడలేకపోయాడు. దిగులు నాకూ ఉంది. పోటీకి ఇంక మూడు రోజులే ఉన్నాయి. అలాంటి పెట్టె చేయడానికి మాకు మా ఊళ్ళో నెల పట్టింది.

ఉక్కునగరం

పోటీకి వచ్చిన వాళ్ళకి ఇళ్ళలో బస ఇచ్చారు. మా వంతుకి అప్పలనాయుడు గారి ఇల్లు వచ్చింది. ఆయన కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేస్తారు, సొంతూరు శ్రీకాకుళం వైపు. ఆయన భార్య సత్యవతి గారు గుమ్మంలోనే ఓబులేసు చెయ్యి చూసి, పసుపు తెచ్చి, మా కథంతా విన్నారు. విన్నాక ఆమె అన్న మొదటి మాట: "పెట్టె పగిలితే పగిలింది, సదువు పగల్నేదు గదా. ముందు అన్నాలు తినండి, బేగి రండి."

అన్నంలోకి చేపల పులుసు. పిల్లలిద్దరూ సముద్రపు చేప తినడం అదే మొదలు. ముళ్ళు తీయడం సత్యవతి గారు పక్కన కూర్చుని నేర్పారు. ఆవ పెట్టిన కూర ముక్కుకెక్కి నాగలక్ష్మి తుమ్మింది. మర్నాడు పెట్టిన గుమ్మడికాయ పులుసులో బెల్లం తగిలేసరికి ఓబులేసు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పులుసులో బెల్లమేమిటని నన్ను మెల్లగా అడిగాడు. ఇక్కడ అలాగే తింటారన్నాను. మూడోసారి వడ్డించుకునేటప్పుడు మాత్రం ఏమీ అడగలేదు.

వెళ్ళిన సాయంత్రమే పిల్లల యూనిఫాంలు ఉతికి వరండాలో ఆరేశాం. మా ఊళ్ళో బట్ట పిండి దండెం మీద వేసి, ఇంట్లోకి పోయి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఆరిపోతుంది. ఇక్కడ తెల్లారాక కూడా జేబులు తడిగానే ఉన్నాయి. షమీమ్ కంగారు పడింది, తను సరిగ్గా పిండలేదేమోనని. సత్యవతి గారి వంటింట్లో ఉప్పు జాడీలో ముద్దయిపోయి ఉంది. అప్పడాలు డబ్బాలోంచి తీసిన కాసేపటికే మెత్తబడుతున్నాయి. గేటు ఊచలకి తుప్పు.

ఆ ఉదయం ఇద్దరికీ పాఠం అక్కడే చెప్పాను. గాలి తువ్వాలులాంటిది. పొడి తువ్వాలుతో తుడిస్తే నీళ్ళు పీల్చుకుంటుంది. తడిసిన తువ్వాలుతో తుడిస్తే పీల్చుకోలేదు. మన ఊరి గాలి పొడి తువ్వాలు, బట్టల్లోని తడిని, ఒంటి మీది చెమటని అప్పటికప్పుడు పీల్చేస్తుంది. ఇక్కడి గాలి సముద్రం మీద పొర్లుతూ ముందే తడిసి ఉంది. అందుకే బట్టలు ఆరవు, చెమట ఆరదు. పుస్తకంలో 'గాలిలో తేమ' అనే మాట చదివి ఊరుకునే పిల్లలు ఆ రోజు తమ గౌను జేబులు పిండి చూసుకున్నారు. నాగలక్ష్మి చివరికి ఇస్త్రీపెట్టెతో గౌను ఆరబెట్టుకుంటూ, తేమ అంటే ఇక జన్మలో మర్చిపోనంది.

అసలు సంగతి మేడ మీద జరిగింది. బట్టలు ఎండలో వేద్దామని పైకి వెళ్ళాం. దూరంగా కర్మాగారం పొగగొట్టాలు, వాటికి అవతల సముద్రం ఒక నీలం గీతలా. పొద్దున్నే పొగలన్నీ సముద్రం వైపుకి వాలి ఉన్నాయి. ఎండ ముదిరాక బట్టలు తెచ్చుకోవడానికి వెళ్ళిన నాగలక్ష్మి కిందికి దిగిరాలేదు. నేను పైకి వెళ్ళేసరికి పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది. పొగలు ఇప్పుడు మా వైపుకి వాలి ఉన్నాయి.

మనకు గాజుపెట్టె ఎందుకు మేడం, అంది. అగరొత్తులు అక్కడ వెలుగుతానే ఉన్నాయి కదా.

అప్పుడే డ్యూటీనుంచి వచ్చిన అప్పలనాయుడు గారిని పైకి పిలుచుకొచ్చి అడిగింది, ఇది రోజూ ఇలాగే జరుగుతుందా అని. ఆయన ఆలోచించి చెప్పారు. "పొద్దున్న పొగ సముద్రం ఏపు ఎల్తాది, మజ్జానం ఊరేపు వత్తాది. ఎండ బాగా కాసే రోజుల్లో అలగే ఉంటాది. ఇన్నాళ్ళూ సూత్తన్నాను గానీ ఎందుకని అనుకోనేదమ్మా."

ఎందుకో నాగలక్ష్మి చెప్పింది. ఆయన టీ చల్లారిపోయేదాకా విన్నారు. ఓబులేసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అతనూ విన్నాడు.

భీమిలి

పోటీకి ముందు రోజు అన్ని జిల్లాల పిల్లల్నీ బస్సులెక్కించి ఊరు చూపించారు. ఓడరేవులో ఒక ఓడ మా ఊరంత ఉంది. ఇనుప ఖనిజం ఎర్రటి గుట్టలుగా పోసి ఉంది, అచ్చం మా చేను మట్టి రంగు. కొండ పక్కనుంచి బీచ్ రోడ్డు ఎక్కగానే బస్సులో పిల్లలందరూ ఒక పక్కకి ఒరిగారు. నా పక్కన ఓబులేసు లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చోలేదు. భీమునిపట్నంలో బస్సు ఆగగానే చెప్పులు చేత్తో పట్టుకుని నేరుగా నీళ్ళ దగ్గరికి వెళ్ళి, దోసిలితో తీసి నోట్లో పోసుకున్నాడు. ఉప్పని తెలుసు. తెలిసినా చూడాలనిపించిందట. ఉమ్మేసి, అలల వైపు చూస్తూ, ఇంత పెట్టుకుని మాకు నేల నానేలా రెండు పదున్ల వాన ఇవ్వడానికి ఏడుస్తుందన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఎప్పట్నుంచో పేరు వింటున్న ఆసామిని మొదటిసారి చూసినట్టు చూశాడు.

ఒడ్డున పోలమ్మ అనే ఆవిడ చేపలు అమ్ముతోంది. ఆమె భర్త నూకరాజు వల బాగు చేసుకుంటున్నాడు. ఆమె పక్కన ఐసు నింపిన రేకు పెట్టె. దాని బయటంతా నీటి బొట్లు. షమీమ్ దాని చుట్టూ తిరిగి, పెట్టెకి చిల్లి ఉందేమో చూసింది. చిల్లి లేదు. పోలమ్మని అడిగి గుడ్డతో శుభ్రంగా తుడిచింది. మేం మాట్లాడుతుండగానే మళ్ళీ బొట్లు పట్టాయి. గాలిలో కనపడకుండా ఉన్న తడి చల్లటి రేకు తగలగానే బొట్టుగా మారిందని, ఆకాశంలో మబ్బు పుట్టేది కూడా ఇలాగేనని చెప్పాను. అక్కడ రేకు ఉండదు, గాలిలో తేలే సన్నటి దుమ్ము, ఉప్పు నలుసులు ఉంటాయి, వాటిని పట్టుకుని బొట్లు కడతాయి. షమీమ్ ఆ తడి వేలితో ముట్టి, మబ్బు ఇంత దగ్గరగా ఉంటుందనుకోలేదంది. వెళ్ళినప్పట్నుంచి ఆ పిల్ల మాట్లాడిన మాటల్లో పెద్దది అదే.

నాగలక్ష్మి నూకరాజుని పట్టుకుంది. తెరచాప పడవ ఎప్పుడు పోతుంది, ఎప్పుడు వస్తుంది అని ప్రశ్నలు. తెల్లారగట్ల గాలి తమని లోనికి తోస్తుందని, పొద్దెక్కాక మళ్ళీ ఒడ్డుకి తెస్తుందని అతను చెప్పాడు. ఎందుకలాగ అంటే నవ్వాడు.

"ఎందుకో ఏటో. గాలి వత్తాది, మేం ఎల్తాం. నానెప్పుడూ అడగనేదమ్మా, నన్నూ ఎవులూ అడగనేదు."

నాగలక్ష్మి అతన్ని లేపి నిలబెట్టింది. ఒక కాలు ఎండిన ఇసుక మీద, ఒక కాలు నీళ్ళలో పెట్టమంది. అతను సరదాగా పెట్టాడు. "ఎండ రెంటికీ ఒకటే కదా మామా. ఇసుక బిరీన కాగుతాది, నీళ్ళు నిదానంగా కాగుతాయి. ఇసుక మీది గాలి వేడెక్కి తేలికై పైకి పోతాది. ఆ చోటు ఖాళీగా ఉండదు కదా, సముద్రం మీది చల్లగాలి వచ్చి నిండుతాది. ఆ వచ్చేదే మిమ్మల్ని ఇంటికి తెచ్చే గాలి."

మరి రాత్రి సంగతేమిటని అడిగాడు నూకరాజు. బిరీన కాగింది బిరీన చల్లారుతుంది, నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, గాలి అటు పోతుంది అంది. అతను రెండు కాళ్ళనీ మార్చి మార్చి చూసుకున్నాడు. తర్వాత దూరంగా పడవ దగ్గరున్న మనిషిని కేకేశాడు. "బావా, ఇలగ రా. ఈ గుంట ఏటి సెప్తన్నాదో ఇను."

అక్కడ ఆడపిల్లని గుంట అంటారు. ఆ బావ వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. చివరికి ఒక గుంపు మనుషులు ఒంటికాలు నీళ్ళలో పెట్టి నిలబడ్డారు. పోలమ్మ మాకు ఎండు రొయ్యలు పొట్లం కట్టి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. మా మొగోళ్ళకి ఇన్నాళ్ళకి ఒకరు పాటం సెప్పినారు, అదే సాలంది. ఆ పొట్లం వాసన తిరిగి వచ్చేదాకా మా సంచీని వదల్లేదు.

బీచ్ రోడ్డు మీది బడి

పోటీ జరిగింది సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పెద్ద బడిలో. హాలు నిండా నమూనాలు. నిప్పులు కక్కే కొండ ఉంది, బల్బులు వెలిగే ఆకాశం ఉంది, బటన్ నొక్కితే వాన కురిసే పల్లెటూరు ఉంది. మా బల్ల మీద ఇసుక పళ్ళెం, నీళ్ళ పళ్ళెం, రేకు కోడిపుంజు. దారిన పోయేవాళ్ళు మిగతా సామాను ఇంకా రాలేదా అని అడిగారు. ఓబులేసు బల్ల వెనక నిలబడి, ఎవరు వచ్చినా చెయ్యి వెనక్కి దాచుకుంటున్నాడు.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఒకావిడ, ఒక హెడ్మాస్టరు. నాగలక్ష్మి వాళ్ళకి నమస్కారం పెట్టి చెప్పింది.

"మా గాజుపెట్టె పగిలిపోయింది సార్. అందులో చూపించేది మేడ మీద చూపిస్తాం. ఇప్పుడు గాలి ఊరి మీదినుంచి సముద్రానికి పోతాంది. ఇంకా కాసేపటికి తిరుగుతాది. మీ ముందరే తిరుగుతాది."

మేం మేడ మీదికి పోయి కోడిపుంజుని చూపించి, ఇది ఇలా తిరుగుతుందని చెప్పడం మాత్రమే అనుకున్నాం. వాళ్ళ కళ్ళముందే తిరుగుతుందని మాట ఇస్తుందని నాకూ తెలియదు. హెడ్మాస్టరు గారు గడియారం చూసుకున్నారు. పెద్దాయన మాత్రం పదండి అన్నారు.

మేడ మీద షమీమ్ కోడిపుంజుని పిట్టగోడ మీద నిలబెట్టింది. అది ముక్కు ఊరి వైపుకి పెట్టి గట్టిగా నిలబడింది. గాలి ఇంకా నేల వైపునుంచే వస్తోంది. ఎండ బాగా ఎక్కుతోంది, ఇంక ఎంతోసేపు పట్టదనుకున్నాం. అంతలో ఎక్కడినుంచి వచ్చిందో ఒక పెద్ద మబ్బు సూర్యుడికి అడ్డం వచ్చి అక్కడే కూర్చుంది. మేడంతా నీడైపోయింది.

పుంజు కదల్లేదు. హెడ్మాస్టరు గారు ఇంకా చూడాల్సిన బల్లలు చాలా ఉన్నాయన్నారు. నేను ఏదో చెప్పబోయాను. నాగలక్ష్మి నాకంటే ముందు అందుకుంది. గాలి ఆలస్యమవుతుంది సార్, ఎందుకంటే మబ్బు వచ్చి ఇసుకని కాగనివ్వడం లేదు, నేల చల్లగా ఉంటే గాలికి ఇటు రావాల్సిన పని లేదు, మబ్బు పోయి ఇసుక కాగితే వస్తుంది, దయచేసి ఉండండి అంది. కాలేజీ ఆవిడకి ఆసక్తి కలిగింది. ఒకవేళ ఈ పూట గాలి తిరక్కపోతే ఏం చేస్తావని అడిగింది.

"తిరక్కపోతే ఎందుకు తిరగలేదో చెప్తాను మేడం."

పెద్దాయన పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆయన వెళ్ళకపోయేసరికి మిగతా ఇద్దరూ వెళ్ళలేదు. ఈ సంగతి కింద ఎలా తెలిసిందో, పిల్లలు, టీచర్లు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చారు. ఓబులేసు అందరికంటే వెనక, మెట్ల తలుపు దగ్గర ఉండిపోయాడు.

మబ్బు మెల్లగా సూర్యుడి అంచు వదిలింది. ఎండ మేడ మీదినుంచి రోడ్డు మీదికి, రోడ్డు మీదినుంచి ఇసుక మీదికి పాకింది. ముందుగా గాలి పూర్తిగా పడిపోయింది. కొబ్బరాకులు కదలడం మానేశాయి. పుంజు పట్టు తప్పినట్టు అటూ ఇటూ ఊగింది, ఒకసారి ఉత్తరానికి, ఒకసారి కొండ వైపుకి. నాగలక్ష్మి పిడికిళ్ళు బిగించింది. అప్పుడు నా చెంప మీద చల్లగా తగిలింది. సముద్రం వైపునుంచి. పుంజు తోక ఒక్క ఊపు ఊగి, ముక్కు నీళ్ళ వైపుకి తిప్పి, నిలబడింది. మళ్ళీ కదల్లేదు.

మేడ మీద చప్పట్లు మొదలయ్యాయి. ఏ జిల్లా పిల్లలో తెలియదు, ఎగిరి గంతులేశారు. షమీమ్ పుంజు దగ్గరికి వెళ్ళి, దాని తల మీద వేలితో నిమిరింది. కాలేజీ ఆవిడ కొంగు గాలికి ఎగురుతుంటే పట్టుకుని నవ్వుతోంది. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అన్నేళ్ళుగా నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన బాణం గుర్తు ఆ రోజు నా మొహానికి తగిలింది.

పెద్దాయన ఆఖరుగా ఒక ప్రశ్న వేశారు. మీ ఊరికి సముద్రం లేదు, ఈ గాలితో మీకేం పని అని. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు. నాగలక్ష్మి తడుముకోలేదు. వేరుశనగ చివర్లో, అక్టోబరులో మాకు వచ్చే వాన ఈ సముద్రం నుంచే బయల్దేరుతుందని చెప్పింది. "మా ఇంటికి వచ్చే చుట్టం యాడనుంచి వస్తాడో, ఎందుకు ఆలస్యం చేస్తాడో తెలుసుకోవాలి కదా సార్."

ఆయన ఆ పిల్లతో చేయి కలిపారు. ఏడో తరగతి పిల్లతో, పెద్దవాళ్ళతో కలిపినట్టు.

సాయంత్రం ఫలితాలు చెప్పారు. చిన్న తరగతుల విభాగంలో మొదటి స్థానం మాది. మైకులో మా పల్లె పేరు తప్పు పలికారు. అయినా మాకు ఆ హాల్లో అంత తియ్యటి మాట ఇంకొకటి వినపడలేదు. సత్యవతి గారు అప్పలనాయుడు గారితో సహా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. మా వాళ్ళే, మా వాళ్ళే అని పక్కవాళ్ళకి చెప్తున్నారు.

ఇసుక మీద

తర్వాత అందరం బీచ్‌కి వెళ్ళి మురీ మిక్చరు కొనుక్కున్నాం. మరమరాల్లో పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం, కారం. మా బొరుగుల మసాలాకి అక్క వరస, కాస్త పులుపెక్కువ. పిల్లలు అలల్లో పరుగులు పెడుతున్నారు. ఓబులేసు పొట్లం విప్పకుండా నా పక్కన కూర్చున్నాడు.

"నేను కట్టుబడి పనికి పోతే మేస్త్రీ కూడా నా మాట వినడు మేడం. ఈ పొద్దు అంత పెద్ద సార్లు ఎండలో నిలబడినారు. ఉండండి అని నా కూతురు చెప్పిందని నిలబడినారు."

పెట్టె పగలగొట్టిన మాట కూడా ఎత్తాడు. పెట్టె ఉండి ఉంటే మేం హాల్లోనే బల్బు వెలిగించుకుని కూర్చునేవాళ్ళమని, ఆ మేడ ఎక్కేవాళ్ళమే కాదని నాగలక్ష్మి అప్పటికే తండ్రికి చెప్పిందట. అతను ఆ మాట నమ్మాడో లేదో గానీ కట్టు విప్పి, కోసుకున్న చేతిని సముద్రపు నీళ్ళలో కడుక్కొచ్చాడు.

కల్యాణదుర్గంలో ఆడపిల్లల హాస్టలు ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఉచితమేనన్నాను. అక్కడ అన్నం బాగుంటుందా, వార్డెను ఆడమనిషేనా, ఆదివారాలు చూడనిస్తారా అని ఒక్కొక్కటే అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. అతను అన్నీ విన్నాడు. లేచి, పంచె పైకి మడిచి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి కూతురి పక్కన నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ చీకటి పడేదాకా వచ్చే అలల్ని, పోయే అలల్ని చూస్తూ ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

తిరుగు ప్రయాణం

సత్యవతి గారు మాడుగుల హల్వా, దారికి పులిహోర కట్టి ఇచ్చారు. స్టేషన్‌కి వచ్చి, షమీమ్ జడ తనే మళ్ళీ అల్లి, బండి ఎక్కించారు. వేసవి సెలవుల్లో మళ్ళీ రావాలని మాట తీసుకున్నారు.

పగటి బండి. తుని దాటాక మా ఎదుటి సీట్లోకి ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. రాజమండ్రిలో కూతురి ఇంటికి పోతోందట. హల్వా పెడితే తీసుకుని, మమ్మల్ని అందర్నీ వరసగా పలకరించింది. నాగలక్ష్మి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. గాలికి జుట్టు మొహం మీద పడుతుంటే ఓబులేసు చేయి చాపి కిటికీ రెక్క కాస్త దించాడు.

పాప ఏం చదువుతోందని ఆమె అడిగింది.

"ఎనిమిదో తరగతి," అన్నాడు ఓబులేసు.

నాగలక్ష్మి ఇంకా ఏడో తరగతి పరీక్షలు రాయలేదు. నేను పక్కనే ఉన్నాను, అయినా సరిదిద్దలేదు.